లోపలికి ఇద్దరు, బయటికి ఒకరు

అల్లుడుగారి పథకం ప్రకారం ఆ రోజు ఉదయం ఆరున్నరకు చెరువు దగ్గర ఉండాలి, తొమ్మిదికి ఇంటికి రావాలి, పదికి ఆఫీసులో ఉండాలి. ఈ మధ్యలో ఒక లకుముకి పిట్ట తన పిల్లల్ని గూట్లోంచి బయటికి పిలవాలి, ఆయన ఫోటో తీయాలి. మనుషులు చేయవలసినవన్నీ ఠంచనుగానే జరిగాయి. పిట్టకే ఎవరూ టైము చెప్పలేదు.

ఆయన ఉద్యోగం రికార్డు రూములో. నోట్లో నాలుక లేని మనిషి. తను వచ్చినా రాకపోయినా ఆఫీసులో ఎవరికీ తెలియదని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో ఇరవై రెండేళ్ళు ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్ళలేదు. ఇంట్లో ఆయన్ను పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అత్తగారి నోట విని విని వీధివాళ్ళు కూడా అల్లుడుగారనే అంటారు.

ఆ అత్తగారు పదకొండేళ్ళ క్రితం మనవరాలు పుట్టినప్పుడు పదిహేను రోజులు ఉండి పోతానని వచ్చారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు కావడంతో ఆ పదిహేను రోజులూ ఇంకా పూర్తి కాలేదు. పిల్లను పెంచింది ఆవిడ, ఇల్లు నిలబెట్టింది ఆవిడ. "మీరు లేకపోతే మేమేమైపోయేవాళ్ళమండీ" అని చెప్పాలని అల్లుడుగారు ఎన్నోసార్లు నోరు తెరిచారు. తెరిచిన ప్రతిసారీ ఆవిడ "ఆకలేస్తోందా బాబూ?" అని అడిగేవారు.

అత్తగారికి సాయంత్రాలు చెరువు గట్టున నడవడం అలవాటు. చలి తగ్గుతున్న రోజుల్లో లకుముకి జంట ఒకటి మట్టిగట్టులో బొరియ తవ్వుతుంటే చూసి మురిసిపోయారు. ఆ తర్వాతి వారమే మెట్టు జారి కాలు విరగ్గొట్టుకున్నారు. మంచం మీద పడుకుని ఆవిడ కోరిన కోరిక ఒక్కటే. "ఆ పిల్లలు ఎగిరేటప్పుడు చూద్దామనుకున్నాను బాబూ. నా కట్టు విప్పేసరికి అవి కాస్తా వెళ్ళిపోతాయి."

నోటితో చెప్పలేనిది ఫోటోతో చెబుదామని అల్లుడుగారు కెమెరా అరువు తెచ్చారు. పాత దుప్పటికి రెల్లు, ఎండుటాకులు కుట్టి చిన్న గుడారం చేశారు. పక్షుల పుస్తకమొకటి తిరగేసి చిట్కా కూడా పట్టారు. పిట్టలకు మనుషుల్ని లెక్కపెట్టడం రాదట. ఇద్దరు గుడారంలోకి దూరి ఒకరు బయటికొచ్చి వెళ్ళిపోతే, లోపల ఎవరూ లేరనుకుని నిశ్చింతగా ఉంటాయట. అందుకని డ్రైవింగ్ నేర్పే బావమరిదిని తోడు తీసుకెళ్ళారు.

పిట్టలకు లెక్క రాదన్నది నిజమే కావచ్చు. చెరువు గేటు దగ్గరి వాచ్‌మన్‌కు మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసిన మనిషి, ఇంట్లో భోజనానికి కూర్చున్నా తలలు లెక్కపెట్టుకోనిదే ముద్ద ముట్టడు. వచ్చేవాళ్ళకు ఒక గడిలో, పోయేవాళ్ళకు ఒక గడిలో నోటుబుక్కులో గీతలు గీస్తాడు. లకుముకి జంట బొరియలోకి దూరినప్పుడు వాటికీ ఒక పేజీ తెరిచాడు.

ఆ ఉదయం అతను లోపలికి గడిలో రెండు గీతలు గీశాడు. పావుగంటకు బావమరిది ఒక్కడే వచ్చాడు. కాళ్ళకు ఒక జత బూట్లున్నాయి, చేతిలో ఇంకో జత ఉంది. బావ బూట్లు కిర్రుమంటాయని విప్పించి తెచ్చాడు. గుడారం మేకులు దిగ్గొట్టినందుకు చేతులనిండా మట్టి. పిట్ట కంట పడాలని కావాలనే చేతులూపుకుంటూ వస్తున్నాడు.

"మీ బావగారేరండీ?" అన్నాడు వాచ్‌మన్.

"ష్! గట్టిగా అనకండి. ఆయన లేరనే అనుకోండి. ఎవరైనా అడిగినా చూళ్ళేదనండి" అని, క్లాసుకు టైమైపోతోందంటూ బావమరిది స్కూటరెక్కి చక్కాపోయాడు.

ఎనిమిదైంది, తొమ్మిదైంది, తొమ్మిదిన్నరైంది. బయటికి గడిలో గీత ఒకటే ఉంది. వాచ్‌మన్ గట్టు పొడుగునా వెతికాడు. రెల్లు కనిపించింది, ఎండుటాకుల కుప్ప కనిపించింది, మనిషి కనిపించలేదు. నీళ్ళలో అల్లుడుగారి టోపీ మాత్రం తేలుతోంది. వాచ్‌మన్ వెంటనే అల్లుడుగారి భార్యకు ఫోన్ చేశాడు.

ఆవిడ ఆఫీసుకు ఫోన్ చేస్తే రాలేదన్నారు. మొగుడి ఫోను పలకలేదు. చెరువు దగ్గరకు పరుగెత్తుకొచ్చి, తమ్ముడికి చేసింది.

"ఒరేయ్, బావేడ్రా?"

"చెరువు దగ్గరే ఉన్నాడక్కా. ఏం కంగారు పడకు. ఎవరికీ కనబడకుండా నేనే బాగా కప్పేసి వచ్చాను... ఎడమకండీ, ఎడమకు! బ్రేకు! బ్రేకు!"

ఫోను తెగిపోయింది. ఆవిడ కెవ్వుమన్న కేకకు వీధి వీధంతా కదిలొచ్చింది. ఆఫీసు నుంచి పెద్దసారుతో సహా ఐదుగురొచ్చారు. ఈత వచ్చినవాళ్ళు చొక్కాలు విప్పుతున్నారు, రానివాళ్ళు ఎక్కడ దూకాలో చూపిస్తున్నారు.

ఆకుల కుప్పలో అల్లుడుగారి తలప్రాణం తోకకొచ్చింది. గాలికెగిరి నీళ్ళలో పడ్డ టోపీ కోసం కూడా ఆయన కదల్లేదు, ఫోను మోగకుండా ముందే నొక్కేశారు. సరిగ్గా తొమ్మిది నుంచీ తల్లి లకుముకి బొరియలోకి వెళ్ళడం మానేసి, ముక్కున చేపతో ఎదురు కొమ్మ మీద కూర్చుని పిల్లల్ని పిలుస్తోంది. బొరియ అంచున చిన్న ముక్కు ఒకటి తొంగిచూస్తోంది. గట్టు మీది గోల దూరంగా ఉందని పిట్ట ఓర్చుకుంటోంది గానీ, పక్కనున్న కుప్ప ఒక్క మాట పలికినా ఎగిరిపోతుంది, అత్తగారి కోరిక నీళ్ళపాలవుతుంది. ఒక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అనుకుంటూ ఊపిరి బిగబట్టారు. చెవులు మాత్రం మూసుకోలేకపోయారు.

"ఆ మనిషి రికార్డు రూము తలుపు తీసిన చప్పుడు వింటేగానీ నేను టీ తాగనండీ. పదిన్నరైంది, ఇవాళ ఇంకా చుక్క ముట్టలేదు!" అంటున్నారు పెద్దసారు.

"మేం గేటు మరిచిపోయినప్పుడల్లా ఆయనే వేసి పోయేవారండీ. ఒక్కనాడూ చెప్పుకోలేదు" అంటోంది పక్కింటావిడ.

అల్లుడుగారి కళ్ళు చెమర్చాయి. తనను ఇంతమంది చూస్తున్నారని ఇరవై రెండేళ్ళలో ఆయనకు తెలియలేదు. అందరి కాళ్ళకూ దండం పెట్టాలనిపించింది. అంతలో గట్టు మీద చక్రాల కుర్చీ చప్పుడైంది.

"పిట్టా వద్దు, ఫోటో వద్దు. నా అల్లుణ్ణి నాకు చూపించండయ్యా" అని అత్తగారు ఏడుస్తున్నారు. "ఇది అల్లుడి ఇల్లు అని పదకొండేళ్ళలో ఒక్కపూట కూడా నాకు తోచనివ్వలేదు. నా పాడు కోరిక తీర్చబోయి..."

ఇంక ఆగడం ఆయన వల్ల కాలేదు. "అత్తయ్యగారూ, నేనిక్కడే ఉన్నానండీ!" అంటూ లేచారు.

గుడారం కూడా మేకులతో సహా ఆయనతో పాటే లేచింది. ఆకుల కుప్ప మాట్లాడుతూ నడిచి రావడం చూసి జనం హాహాకారాలు చేశారు. పెద్దసారు వెనక్కి నడిచి నడిచి మోకాలి లోతు బురదలో దిగబడ్డారు. లకుముకి చేపతో సహా ఎగిరిపోయింది. బొరియలో ముక్కు మాయమైంది.

భార్య ఆయన్ను పట్టుకుని ఏడ్చి, తర్వాత తిట్టి, మళ్ళీ ఏడ్చింది. అప్పుడే బావమరిది శిష్యురాలు నడుపుతున్న కారులో వచ్చి దిగి చిట్కా సంగతి చెప్పాడు. అల్లుడుగారు తల దించుకున్నారు. "క్షమించండి అత్తయ్యగారూ. పిట్ట వెళ్ళిపోయింది. మీకు చూపించలేకపోయాను."

అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. "వాటికి లెక్క రాదంటున్నారుగా బాబూ. ఇద్దరికి పనిచేసేది, వాచ్‌మన్ లెక్కన ఉన్న ఇరవై ఏడుగురికి పనిచేయదా? నన్ను ఆ ఆకుల్లో కూర్చోబెట్టండి. మీరూ ఉండండి. మిగతావాళ్ళంతా బాగా కనబడేట్టు వెళ్ళిపోండి."

కుర్చీ మీదుగా గుడారం కప్పారు. పెద్దసారు ఒక కాలి చెప్పు బురదకే వదిలేసి ముందు నడిచారు. జనమంతా చేతులూపుకుంటూ, గట్టిగా కబుర్లాడుకుంటూ గేటు దాటారు. వాచ్‌మన్ ఇరవై ఐదు గీతలు గీసి, "ఇంకా ఇద్దరు లోపల" అని రాసుకున్నాడు.

పుస్తకం అబద్ధం చెప్పలేదు. అరగంటలో లకుముకి కొత్త చేపతో కొమ్మ మీద వాలింది. బొరియలోంచి నీలంగా ఒక పిల్ల తూలుతూ వచ్చి రెక్కలు విప్పింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. నాలుగోది అంచున చాలాసేపు తటపటాయించి, చివరికి ఎండలోకి దూకింది. అత్తగారు అల్లుడి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

పిల్లలన్నీ రెల్లులో సర్దుకున్నాక ఆవిడ గుసగుసగా అడిగారు. "ఫోటోలు బాగా వచ్చాయా బాబూ?"

"తీయలేదండీ. మీరు పట్టుకున్నది బటన్ నొక్కే చెయ్యి."

"అయ్యో, వదిలించుకోకపోయారా!"

"వదిలించుకోవాలనిపించలేదండీ" అన్నారాయన. ఆవిడ ఆకలి సంగతి అడిగేలోపు మిగతాది కూడా గబగబా చెప్పేశారు. "మీరు లేకపోతే మేమేమైపోయేవాళ్ళమండీ."

అత్తగారు కొంగుతో ఆయన తలమీది ఆకులు దులిపి, "ఆకలేస్తుంటుంది, పదండి" అన్నారు.

గేటు దగ్గర వాచ్‌మన్ వాళ్ళిద్దరికీ రెండు గీతలు గీసి, తృప్తిగా పేజీ మూశాడు. తర్వాత ఏదో గుర్తొచ్చి, కూర్చున్నచోటి నుంచే చూసి గీతలు గీసుకున్న పిట్టల పేజీ తెరిచి, చాలాసేపు తల గోక్కున్నాడు.

"లోపలికి వెళ్ళింది రెండేనండీ, నా కళ్ళతో చూశాను. బయటికి ఆరొచ్చాయి. మిగతా నాలుగూ టిక్కెట్టు లేకుండా ఎక్కడెక్కాయంటారు?"