గార్బేజ్ కలెక్టర్‌గారు బాధ్యతలు స్వీకరించారు

ఆపరేషన్ల సర్వర్‌లో మెమరీ లీకవుతోందని తెలిసిన మరుక్షణం ఆరోగ్య మంత్రిగారు విలేకరుల్ని పిలిపించి, లీకు వెనక ఎంతటివారున్నా వదిలేది లేదని ప్రకటించారు. దేనికైనా మరుక్షణమే స్పందించడం ఆయన పద్ధతి. విషయం తెలుసుకోవడానికి మాత్రం కొంచెం వ్యవధి తీసుకుంటారు.

ఎవరికి ఏ రోజు ఆపరేషనో తేల్చే పని ఆ సర్వర్‌ది. పొద్దున్న తొమ్మిదికి ఒకటో నంబరు రోగితో మొదలుపెట్టి, తేదీలు ఇచ్చుకుంటూ వచ్చి, పదకొండయ్యేసరికి కుప్పకూలుతుంది. దాంతో ఆ రోజు ఇచ్చిన తేదీలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మర్నాడు మళ్లీ ఒకటో నంబరే. అలా మూడు నెలలు గడిచాయి. ఈ మూడు నెలల్లో విఫలమైన ఆపరేషన్ ఒక్కటి కూడా లేదని మంత్రిగారు సభలో సగర్వంగా చెప్పారు కూడా.

సర్వర్‌ని చూసుకునే ఇంజనీరమ్మది కాంట్రాక్టు ఉద్యోగం. జాబితాలో నాలుగు వందల పన్నెండో నంబరు ఆమె బావ, సొంత అక్క భర్త. బస్సు డ్రైవరు. గుండెలో వాల్వు మార్చాలన్నారు. మేడ మీది వాటాకి ఎక్కడానికి మెట్టుకో నిమిషం ఆగుతున్నాడు. నంబరు ముందుకి జరపడం ఇంజనీరమ్మకి చిటికెలో పని. బావే ఒప్పుకోలేదు. "నా ముందున్న నాలుగొందల మందికి ఏమన్నా జలుబుచేసి వచ్చారంటావా? సర్వర్ బాగుచెయ్యి, అందరితోపాటే నేనూను" అన్నాడు. ఆ మంచితనానికి అక్కకి ఒళ్లు మండుతుంది. ఇంజనీరమ్మకి ఏడుపొస్తుంది.

అందుకే ఆమె ప్రొఫైలర్ పెట్టింది. మెమరీని ఎవరెంత పట్టుకు కూర్చున్నారో, పనైపోయినా ఎవరు వదలడంలేదో చూపించే పరికరం అది. లీకు దొంగ దొరుకుతాడని విజిలెన్సు అధికారి ఆమె కుర్చీ వెనకే నిలబడి పుస్తకం తెరిచాడు. రెండు గంటల్లో దొరికింది. ప్రతి రోగి ఫైలు తెరిచినప్పుడల్లా పైన మంత్రిగారి నవ్వుముఖం ఫొటో ఒకటి వస్తుంది. మూడంతస్తుల భవనానికి కట్టే ఫ్లెక్సీ సైజులో ఉంది. ఫైలు మూశాక కూడా అది మెమరీలోంచి కదలడంలేదు. రోగికొక ఫొటో చొప్పున పేరుకుపోతున్నాయి.

విజిలెన్సు అధికారి పుస్తకం మూసి, టీ తాగొస్తానని వెళ్లాడు. మళ్లీ రాలేదు.

ఇంజనీరమ్మ మూడు వాక్యాల నివేదిక రాసింది: "మెమరీలో డెబ్బై ఎనిమిది శాతం మంత్రిగారి ఫొటోలే ఉన్నాయి. వాటిని తొలగించడం గార్బేజ్ కలెక్టర్‌కి సాధ్యం కావడంలేదు. ఒక్క లైను మారిస్తే సరిపోతుంది."

మంత్రిగారు మొదటి వాక్యం చదివి కార్యదర్శివైపు చూసి చిరునవ్వు నవ్వారు. రెండో వాక్యం దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది.

"నన్ను తొలగించాలని చూస్తున్న ఈ కలెక్టరెవరయ్యా?"

"మన జిల్లాల్లో లేరండి," అన్నాడు కార్యదర్శి. "పారిశుద్ధ్యం వైపు అయ్యుంటారు."

"సార్, అది మనిషి కాదండి," అంది ఇంజనీరమ్మ.

"ఎంత కోపం ఉంటే మాత్రం పై అధికారిని అలా అనచ్చా అమ్మా?"

"ప్రోగ్రాం సార్. ఎవరూ చెప్పకుండానే దానంతటదే వచ్చి చెత్త తీసేస్తుంది."

"చెప్పకుండానే పనిచేస్తాడా?" మంత్రిగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "అయితే కచ్చితంగా ప్రతిపక్షం మనిషే."

"ఫొటో చిన్నది చేసి, పనయ్యాక వదిలేస్తే..."

"ప్రజల మెమరీలో డెబ్బై ఎనిమిది శాతం నేనున్నానని మిషన్ ఒప్పుకుంటోంది. నువ్వు ఒప్పుకోవేమిటమ్మా? అసలు మిగతా ఇరవై రెండు శాతం ఎవరు?"

"రోగులు సార్."

మంత్రిగారు కార్యదర్శిని మెమో రాసుకోమన్నారు.

ఆ సాయంత్రమే గార్బేజ్ కలెక్టర్‌కి మెమో తయారైంది. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని సర్వర్ గది తలుపుకి అంటించారు. ఏడు రోజులూ గడిచాయి, జవాబు లేదు. ఆ వారంలోనే బావ మెట్లు ఎక్కడం మానేసి, కింద వాటావాళ్ల వరండాలో మంచం వేయించుకున్నాడు. ఎనిమిదో రోజున విధుల్లో అలసత్వం కింద గార్బేజ్ కలెక్టర్‌ని సస్పెండ్ చేసి, ఖాళీ అయిన పదవిలో మంత్రిగారి బావమరిదిని నియమించారు. కారు, గది, ఇద్దరు బంట్రోతులు.

కొత్త కలెక్టర్‌గారు మర్యాదస్తుడు. మొదటి రోజే ఇంజనీరమ్మని పిలిచి కూర్చోమన్నాడు. "పేరుకి పదవిలో ఉండటం నాకిష్టం లేదమ్మా. గార్బేజ్ కలెక్టర్ డ్యూటీ ఏమిటో అరటిపండు ఒలిచినట్టు చెప్పు."

ఇన్నాళ్లకి అడిగిన మనిషి దొరికాడని ఇంజనీరమ్మ ప్రాణం లేచొచ్చింది. ఫొటో సంగతి అర్థమయ్యేలా మొదటినుంచీ చెప్పాలనుకుంది. "ఎవరి రిఫరెన్సూ లేనివాటిని, అంటే ఎవరికీ అక్కర్లేనివాటిని వెతికి, మెమరీలోంచి తీసేయాలండి. రిఫరెన్సు ఉన్నవాటి జోలికి వెళ్లకూడదు."

"ఇంతేనా?" కలెక్టర్‌గారి ముఖం వికసించింది. "ఇది మా ఇంట్లో చిన్నప్పట్నుంచీ చేస్తున్న పనే."

ఆమె ఫొటో మాట ఎత్తేలోపు ఆయన గంట కొట్టి బంట్రోతుల్ని పిలిచాడు. రెండు రోజులు రోగుల జాబితా ముందేసుకుని, గది తలుపు మూసుకుని పనిచేశారు. భోజనానికి కూడా బయటికి రాలేదని ఆఫీసంతా మెచ్చుకుంది.

మూడో రోజు సర్వర్ పదకొండుకి కూలలేదు. పన్నెండుకీ కూలలేదు. ఇంజనీరమ్మ ప్రొఫైలర్ తెరిచి చూస్తే మెమరీ సగానికి పైగా ఖాళీగా ఉంది. కారణం వెతకబోతుంటే కార్యదర్శి వచ్చి, విలేకరులు ఎదురుచూస్తున్నారని ఆమెని హాల్లోకి లాక్కెళ్లాడు. లీకు అరికట్టబడిందని మంత్రిగారు ప్రకటించారు. ఆమె చేతికి పూలగుత్తి ఇస్తుండగా ఫోను మోగింది.

"బావా, ఎలా ఉన్నారు?"

"బాగున్నానమ్మా." మాటకీ మాటకీ మధ్య ఆయాసం వినబడుతోంది. "ఫోన్లో ఆపరేషన్ల సైటు ముట్టుకోగానే తెరుచుకుంది. మూడు నెలల్లో ఇదే మొదటిసారి. మంత్రిగారి ఫొటో ఎంత శుభ్రంగా వచ్చిందనుకున్నావు. మొత్తానికి సాధించావు."

"తేదీ వచ్చిందా బావా?"

"అదే వెతుకుతున్నాను. జాబితా అరవై ఒకటో నంబరుతో ఆగిపోతోంది. మిగతా వాళ్లం రెండో పేజీలో ఉంటామా అమ్మా?"