పెర్పెతువా అక్క పద్నాలుగో అంతస్తు

ఇలోయిలో నగరంలో మా వీధివాసులు ఆస్తులమీద పెట్టుబడి పెట్టడంలో శిక్షణ పొందినవారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. శిక్షణ ఒక్క పూటే. భోజనం ఉచితం. వేయించిన కోడి అయిపోగానే జనం లేచిపోయారు గనుక, చివరిదాకా కూర్చున్న ముగ్గురినే నిపుణులుగా పరిగణించాలి: తపాలా ఆఫీసులో రిటైరైన పెర్పెతువా అక్క, ఆమె మరిది ఎలాడియో, పక్కింటి దర్జీనైన నేను.

"దారులు మూడు!" అని గర్జించాడు వక్త. "పాత ఇల్లు కొని, బాగుచేసి అమ్మండి. లేదా గది అద్దెకివ్వండి. లేదా ఇంకా కట్టని ఫ్లాటు ఇప్పుడే కొనండి!"

తలా ఒకటి పంచుకున్నాం.

ఎలాడియో పాత ఇల్లు కొన్నాడు. కిటికీ సరిచేస్తే గోడ కదిలింది, గోడ సరిచేస్తే కప్పు దిగింది. ఏడాది తిరిగేసరికి ఇల్లు ఎంత ముద్దొచ్చిందంటే, కొనడానికొచ్చినవాళ్ళని "చెప్పులతో లోపలికొస్తారా? మీకివ్వను ఫోండి" అని తరిమేసేవాడు.

నేను గది అద్దెకిచ్చాను. దిగినాయన ఒక్కడే, ఆయన పందెం కోళ్ళు పదకొండు. తెల్లవారకముందే వీధంతా లేచి కూర్చుని నా పెట్టుబడి గురించి మాట్లాడుకునేది.

అక్క మాత్రం రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా పోసి, గొయ్యి మాత్రమే తవ్విన ఒక భవనంలో పద్నాలుగో అంతస్తు ఫ్లాటు కొంది. ఆదివారం ప్రార్థన కాగానే చుట్టాలని అక్కడికి తీసుకెళ్ళి ఆకాశంలోకి వేలు చూపించేది.

"అదిగో, ఆ పావురముందే, అదే నా వంటిల్లు."

"పావురం పక్కకి పోయింది వదినా," అన్నాడు ఎలాడియో.

"అయితే ఇప్పుడు పడగ్గదిలో ఉంది."

మూడేళ్ళకి భవనం పూర్తయింది. తాళాల కోసం ముగ్గురం వెళ్ళాం. లిఫ్టులో పన్నెండు తర్వాత పదిహేను ఉంది. కిందికి దిగి అడిగితే ఆఫీసు పిల్ల నవ్వుతూ ఒక ఉత్తరం ఇచ్చింది:

"పదమూడు అశుభమనీ, పద్నాలుగులోని నాలుగు చావుకు సూచన అనీ పలువురు విన్నవించినందున, ప్రజాక్షేమం దృష్ట్యా ఆ రెండంతస్తులూ కట్టకుండానే రద్దు చేయడమైనది. మీ యాజమాన్య హక్కులు యథాతథం."

అక్క సోఫాలో కూలబడింది.

"ముప్పై ఒక్కేళ్ళు ఉత్తరాలకి ముద్రలేశాను. అడ్రసు లేని ఉత్తరాలు చూశాను గానీ, అడ్రసుండి ఇల్లు లేకపోవడం ఇదే చూడటం," అంది.

ఎలాడియో ఉత్తరం రెండుసార్లు చదివాడు. ఈలోగా పక్క బల్ల దగ్గర ఏజెంటు ఎవరికో చెబుతున్నాడు, ఈ భవనంలో రేట్లు రెట్టింపయ్యాయని.

"వదినా, అది నాకమ్మేయ్."

"మతి పోయిందా ఏమయ్యా? అక్కడ ఏమీ లేదు!"

"అందుకే. కారదు, చెదపట్టదు. తుఫానొచ్చినా కప్పు లేవదు. బాగుచేసే పనే లేదు."

అక్క ఏజెంటు బల్ల వైపు ఓసారి చూసింది. "రెట్టింపిస్తావా?"

ఎలాడియో అంత ముద్దొచ్చిన ఇల్లూ చెప్పులేసుకొచ్చినవాడికే అమ్మేసి, ఆ ఫ్లాటు కొన్నాడు. రెండు నెలలకి ఒక పళ్ళ డాక్టరుకి లాభానికి అమ్మాడు. డాక్టరు దాన్ని ఇద్దరు అన్నదమ్ములకి అమ్మాడు. అన్నదమ్ములు హాలు ఎవరిదని కోర్టుకెక్కారు.

ఇదంతా చూసి మా వీధివాళ్ళు ఇళ్ళన్నీ అమ్మకానికి పెట్టారు. బేరం ఒక్కటీ కుదరడం లేదు. ఇల్లంటూ ఉండేసరికి, వచ్చినవాళ్ళు లోపలికెళ్ళి చూస్తున్నారు.