వల్లి చదువు నిమిత్తం మౌస్ కొనుట

విజయదశమి నాటి ఉదయం గుడియాత్తంలో ధనపాల్ మేస్త్రీ ఇంట్లో హాజరైనవారు: ఇంటి యజమాని ధనపాల్, ఆయన భార్య చెంగమ్మ, తల్లి రాజాంబాళ్, వేలూరులో రెండు నెలల కంప్యూటర్ కోర్సు చదివి ఇంకా నేలకు దిగిరాని బావమరిది సురేంద్రన్, ఎవరింట్లో ఏ వస్తువు కొన్నా సలహా ఇవ్వడానికే పుట్టిన ఎదురింటి పెరియస్వామి. మేస్త్రీ కూతురు వల్లి కూడా ఉంది. కంప్యూటర్ కొన్నదే ఆమె చదువు కోసం కాబట్టి ఆమెను విడిగా లెక్కపెట్టలేదు.

పదో తరగతి గట్టెక్కిన కూతురికి ధనపాల్ ఒక పాత కంప్యూటర్ తెచ్చిపెట్టి నెలరోజులైంది. చదువు మొదలుపెట్టడానికి విజయదశమిని మించిన రోజు లేదు గనుక అంతవరకూ పిల్ల దాన్ని ముట్టకూడదని నిర్ణయమైంది. ఆలోగా అది చెడిపోకుండా పెద్దలు ఎంతో శ్రమకోర్చి రోజూ దానిమీద పేకాడుతూ వచ్చారు.

పేక ఆ ఇంట్లో నిషిద్ధం. ముక్క చేత్తో ముట్టనని ధనపాల్ తల్లి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేసినవాడు. కొడుకు మౌస్‌తో ముక్కలు జరపడం చూసి రాజాంబాళ్ అక్కడికక్కడే తీర్పు చెప్పింది. “ముక్క యాడుండాది? అద్దం లోపల ఉండాది. నా కొడుకు చెయ్యి బయట ఉండాది. మాట తప్పలా.” మన న్యాయస్థానాల్లో ఇంత వేగం చూడగలమా?

వల్లికి కావలసింది పేక కాదు. అదే కంప్యూటర్‌లో బాంబులు దాచిన గడుల ఆట ఉంది. గడి తెరిస్తే అంకె వస్తుంది, చుట్టూ ఎన్ని బాంబులున్నాయో ఆ అంకె చెబుతుంది. మామ ఆడుతుంటే వాకిలి పక్కన నిలబడి చూసే ఆ పిల్ల నేర్చేసుకుంది. సురేంద్రన్ బాంబు మీద నొక్కబోయే ముందే ఆమె నాలుక కరుచుకునేది. విజయదశమి వస్తుంది, ఒక్క ఆట పూర్తిగా ఆడాలి. అంతే ఆమె కోరిక.

అయితే ముందురోజు ఆయుధపూజ. తాపీ, తూకం గుండు, మట్టపలక అన్నీ కడిగి బొట్లు పెట్టారు. పనిముట్టుకీ పనిముట్టుకీ తేడా చూపని రాజాంబాళ్ మౌస్‌ను కూడా చింతపండుతో తోమి, మూడు నీళ్ళు పోసి, కుంకుమ దిద్దింది. మౌస్ తళతళా మెరిసింది. ఆ తర్వాత పనిచేయలేదు.

కనుక మగవారు ముగ్గురూ ఎంపిక సంఘంగా ఏర్పడి, వల్లిని వెంటబెట్టుకుని వేలూరు బస్సెక్కారు. పండగపూట తెరిచివున్నది జెసింత అనే ఆమె అంగడి ఒక్కటే. ఆమె మూడు మౌస్‌లు బల్లమీద పెట్టింది. పెరియస్వామి పంచె సర్దుకుని ఉపన్యసించాడు.

“విదేశీ సరుకుకి దేశం తలుపులు తెరిచింది. ప్రపంచమంతా మన వాకిట్లోకి వస్తా ఉండాది. ఇట్లాంటి చారిత్రక సమయంలో మనం చిన్న మౌస్ కొంటే నలుగురూ ఏమనుకుంటారు?”

ధనపాల్ ఒక్కొక్కదాన్నీ తాపీలా అరచేతిలో ఎగరేసి చూశాడు. “ఇది తేలిక. తేలిక పనిముట్టు మేస్త్రీకి చెడ్డపేరు తెస్తాది.”

“పెద్దదానికి మూడు బటన్లుండాయి బావా. నడిమిదానికి పనేమీ లేదు,” అన్నాడు సురేంద్రన్.

“పని లేకపోతే ఏమప్పా, ఉండనీ. మా ఇంట్లో నువ్వు లేవా?”

జెసింత నవ్వాపుకుని అడిగింది. “ఎవరు ఆడుకునేదానికి సార్?”

సంఘం ఒక్కసారిగా గంభీరమైంది. “ఆటా? పాప చదువుకి!”

“అయితే పాప చెయ్యి పెట్టి చూడనీండి.”

వల్లి చిన్నదానిమీద చెయ్యి పెట్టింది. పిచ్చుక గూట్లో ఒదిగినట్టు కుదిరింది. “ఇది నాయనా,” అంది, తనకే వినబడేంత మెల్లగా. పొద్దుటినుంచి ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

పాప అభిప్రాయాన్ని సంఘం సాదరంగా స్వీకరించి, పెద్దది కొన్నది. “ఎదిగే బిడ్డ. గుడ్డలైనా రెండు సైజులు పెద్దవే కదా తీస్తాము,” అన్నాడు ధనపాల్. ఆ మౌస్ ఆయన అరచేతికి అప్పుడే సరిపోవడం కేవలం దైవనిర్ణయం.

ఇంటికొచ్చాక చెంగమ్మ మౌస్‌కు హారతిచ్చింది. వీధి ఆడవాళ్ళు వాకిట్లో గుమిగూడారు. సురేంద్రన్ గడుల ఆట తెరిచాడు. బియ్యంలో ఓనమాలు దిద్దించినట్టు ధనపాల్ కూతురి వేలు పట్టుకుని పెద్ద మౌస్ మీద ఒక్క నొక్కు నొక్కించాడు. గడులు జలజలా విచ్చుకున్నాయి. బాంబులు ఎక్కడున్నాయో వల్లికి ఒక్క చూపులో తెలిసిపోయింది.

“నాయనా, ఇంకొక్క గడి...”

“చాలు తల్లీ, చదువు మొదలైపోయింది,” అని ధనపాల్ ఆమె చెయ్యి తీసి తన చెయ్యి పెట్టాడు. గడులు మాయమై ముక్కలు వచ్చాయి. పెరియస్వామి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“వాకిట్లో కూచోమ్మా. నీ కంప్యూటర్‌కి దుమ్ము తగలకూడదు,” అన్నాడు సురేంద్రన్.

వల్లి బయటికొచ్చి ఆడవాళ్ళ మధ్య నిలబడింది. చెంగమ్మ గడపలో నిలబడి వేలు పెదవిమీద పెట్టుకుంది.

“సద్దు చేయాకండమ్మా. మా వల్లి లోపల కంప్యూటర్ చదువుతా ఉండాది.”

ఆడవాళ్ళంతా మెచ్చుకోలుగా తలలూపారు. వాళ్ళతోబాటు వల్లి కూడా ఊపింది. లోపల పెరియస్వామి దేశం తెరిచిన తలుపుల గురించి మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆ గోల వీధిలోకి రాకుండా చెంగమ్మ తలుపు వేసేసింది.