చింతల వాగులో సోఫా

నీటికి పుట్టుకతోనే ఒక దుర్గుణం ఉంది. ఏ శాఖ అనుమతీ తీసుకోకుండా పల్లానికి పారిపోతుంది. ఈ క్రమశిక్షణారాహిత్యాన్ని అరికట్టడానికే మహానగరాల్లో ఇన్ని కార్యాలయాలు వెలిశాయని, అవే లేకపోతే వాన పడగానే నీళ్లు ఎటు పడితే అటు వెళ్లిపోయేవని పెద్దల అభిప్రాయం. (అవి ఉన్నా వెళ్తున్నాయి. కాకపోతే ఇప్పుడు రికార్డు ప్రకారం వెళ్తున్నాయి.)

లాలాగూడ వెనకగల్లీల్లో పారే చింతల వాగు మొదట వాగే. తర్వాత నాలా అయింది. ఈమధ్య ఎవరికో మనసు కరిగి మళ్లీ వాగుగా ప్రమోషన్ ఇచ్చారు, దాన్ని బతికించడానికి 'ప్రాంతీయ వాగుల, పరీవాహక ప్రాంతాల పునరుజ్జీవన సమన్వయ సంఘం' పెట్టారు. పేరంతా ఒక్క బోర్డులో పట్టక రెండు బోర్డులకు ఆర్డరిచ్చారు. రెండోది ఇంకా రాలేదు కాబట్టి ప్రస్తుతానికి సంఘం పేరు 'ప్రాంతీయ వాగుల, పరీవాహక'.

సంఘంలో ఆరు శాఖలున్నాయి. వాగులో నీళ్లు మొదటి శాఖవి. నీళ్ల కింది బురద రెండో శాఖది. గట్లు మూడో శాఖవి. తేలే చెత్త నాలుగో శాఖకు, మునిగిన చెత్త ఐదో శాఖకు చెందుతాయి. దోమలు ఆరో శాఖవే గానీ, గాల్లో ఉన్నంతసేపే. నీటి మీద వాలితే మొదటి శాఖకు బదిలీ అయినట్టు లెక్క.

ఇంత చక్కటి ఏర్పాటులోకి పోయిన వానాకాలం ఒక సోఫా వచ్చి పడింది. ముగ్గురు కూర్చునేది, మెరూన్ రంగుది. ఎగువ కాలనీలో ఎవరో కొత్తది కొనుక్కుని పాతదాన్ని వాగుకు అప్పజెప్పారు. అది కొట్టుకొచ్చి, రోడ్డు కింద వాగు దూరే తూములో అడ్డంగా ఇరుక్కుంది. సగం మునిగింది, సగం తేలింది. దాంతో అది నాలుగో శాఖదో ఐదో శాఖదో తేల్చడం ఎవరి తరమూ కాలేదు.

ఆ తూము పక్కనే పీరాంబీ ఇల్లు. పరుపులు, దిండ్లు, బొంతలు కుడుతుంది. ఇల్లయినా దుకాణమైనా ఆ ఒక్క గదే. సోఫా అడ్డం పడిన ఏడు నీళ్లు వెనక్కి తన్ని, గట్టు గోడ కూలి, గదిలో మోకాలి లోతు నిలిచాయి. దూదంతా బురదైపోయింది. ఈ ఏడు శ్రావణంలో పెళ్లి పెట్టుకున్న ఒక కుటుంబం పరుపులన్నీ ఆమెకే చెప్పింది. గదిలో దూది మూటలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. మళ్లీ వాన వచ్చేలోగా సోఫా కదలాలి. లేకపోతే దూదీ పోతుంది, మాటా పోతుంది.

అందుకని కాళ్లరిగేలా తిరిగింది. తిరగ్గా తిరగ్గా సంఘం సమన్వయాధికారి హేమచంద్ర దొరికారు. ఎంత మర్యాదస్తుడంటే, సర్వీసు మొత్తంలో ఆయన ఎవరినీ కసురుకోలేదు. ఎవరి పనీ చేయలేదు కూడా.

"సార్, గా సోఫా తీసేస్తే సాలు. నాకు పునరుజ్జీవనం గిట్ల ఏం వద్దు సార్," అంది పీరాంబీ.

"అమ్మా, సోఫాను విడిగా చూడకూడదు. పరీవాహక ప్రాంతం మొత్తంలో భాగంగా చూడాలి."

"మొత్తంల భాగంగనే నా ఇంట్లకు నీళ్లొస్తున్నయ్ సార్."

ఆ మాట ఆయనకు బాగా నచ్చి డైరీలో రాసుకున్నారు.

తర్వాత సంయుక్త తనిఖీ పెట్టారు. నియమం ఏమిటంటే, ఆరు శాఖలూ ఒకే చోట హాజరు కావాలి. మొదటిసారి ఐదే వచ్చాయి, వాయిదా. రెండోసారి ఆరూ వచ్చాయి గానీ మూడు ఈ గట్టు మీద, మూడు ఆ గట్టు మీద నిలబడ్డాయి. 'ఒకే చోట' అనే మాటకు అది సరిపోదని వాయిదా. మూడోసారి అందరూ ఒకే గట్టున కలిశారు, సమోసాలు తిన్నారు, పరస్పరం సహకరించుకుంటామని ఒప్పంద పత్రం మీద సంతకాలు పెట్టారు. సోఫా సంగతి అందులో లేదు. (సహకారం అనేది విశాలమైన విషయం. దాన్ని ఒక్క సోఫాకు పరిమితం చేయడం భావ్యం కాదు.) ఈలోగా మే నెల కాస్తా అయిపోయింది.

ఎదురింటి డేవిడ్ రాజుకు ఇక ఒళ్లు మండింది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. ఆదివారం ప్రార్థన ముగించుకుని రాగానే, ఇంట్లో ఉన్న చైన్ పుల్లీ తెచ్చి కరెంటు స్తంభానికి తగిలించాడు. గల్లీలోంచి నలుగురు చేయి వేశారు. అరగంటలో సోఫా గట్టెక్కింది. పదకొండు నెలలు ఆగిన నీళ్లు గలగలా పారాయి.

"ఇగో చెల్లె, అయిపోయింది," అన్నాడు డేవిడ్ రాజు చేతులు తుడుచుకుంటూ.

పీరాంబీకి కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఆ రాత్రి ఆమె దిగులు లేకుండా నిద్రపోయింది.

సోమవారం పొద్దున్నే హేమచంద్ర వచ్చి, ఖాళీ తూమును చూసి, నెత్తిన చేయి పెట్టుకున్నారు.

"ఎంత పని చేశారమ్మా!"

విషయం ఏమిటంటే, సంఘానికి 'వాగుమిత్ర' అనే యాప్ ఉంది. అందులో పనికి ముందు ఒక ఫోటో, పని తర్వాత ఒక ఫోటో తీయాలి. 'ముందు' ఫోటో లేకపోతే అడ్డంకి లేనట్టే. అడ్డంకి లేకపోతే చింతల వాగుకు సమస్యే లేనట్టు. సమస్యే లేని వాగుకు, కూలినదాని స్థానంలో కొత్త గట్టు గోడ ఎలా మంజూరు చేస్తారు?

"పదకొండు నెలల సంది అచ్చినోళ్లందరు ఫోటోలు తీసిండ్రు గద సార్!"

"అవి ఫోన్‌తో తీసినవమ్మా. యాప్‌తో తీసినవి కావు."

"మరి ఇప్పుడేం జేద్దాం?"

హేమచంద్ర గట్టు మీద ఆరుతున్న సోఫా వైపు చూశారు. ఆ చూపు అర్థమై, ఎదురింటి అరుగు మీద కూర్చున్న డేవిడ్ రాజు లేచి నిలబడ్డాడు.

"సార్, ముప్పై ఆరేండ్లు రైల్వేల చేసిన. పట్టాలు తప్పిన డబ్బాలను ఎక్కిచ్చినం. ఎక్కిచ్చినదాన్ని మళ్ల ఎన్నడు దించలే!"

"ఒక్క ఫోటోకే కదండీ. తీసుకోగానే గోడ ఫైలు కదులుతుంది."

గోడ అనే మాట దగ్గర పీరాంబీ మెత్తబడింది. గోడ ఉంటే ఈ ఏడే కాదు, ఏ ఏడూ నీళ్లు రావు. "అన్నా, ఒక్క ఫోటోనే గద. జెర ఓపిక పట్టు," అంది. డేవిడ్ రాజు పుల్లీ మూటగట్టుకుని, తలుపు వేసుకున్నాడు.

మధ్యాహ్నానికి ఆరు శాఖలూ దిగాయి. ఒకరు కాళ్లు పట్టారు, ఒకరు వీపు పట్టారు, దోమల శాఖ ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి స్వయంగా తూములోకి దిగారు. 'ఇటు, ఇటు, జెర పైకి' అని ఒకరికొకరు చెప్పుకుంటూ సోఫాను పాత స్థానంలో, పాత కోణంలోనే ఇరికించారు. ఆరు శాఖలూ కలిసి పూర్తి చేసిన మొదటి పని అది. అందరూ చప్పట్లు కొట్టుకున్నారు.

ఫోటో తీయగానే యాప్‌లో పచ్చగా ధన్యవాదాలు వెలిగాయి. కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. 'తర్వాత' ఫోటోను ఇరవై ఒక్క రోజులు గడిచాకే తీయాలి. అప్పటిదాకా స్థలంలో ఏదీ కదిలించరాదు, కదిలిస్తే దరఖాస్తు రద్దు.

"ఒక్కరోజులో పని అయిపోతే యాప్ అనుమానిస్తుందమ్మా," అన్నారు హేమచంద్ర. "వానలు ఈసారి ఆలస్యమని అంటున్నారు లెండి."

వానలకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తొమ్మిదో రోజు సాయంత్రం ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. పీరాంబీ హేమచంద్రకు ఫోన్ చేసింది. "ఇంకా పన్నెండు రోజులున్నాయమ్మా, ధైర్యంగా ఉండండి," అన్నారాయన అవతలినుంచి, ఎంతో ఆప్యాయంగా. డేవిడ్ రాజు అలకంతా మరిచి పుల్లీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు గానీ, అప్పటికి తూము కనపడటం లేదు. ఇద్దరూ కలిసి మంచం మీదికెత్తగలిగిన మూటలు మూడు. మిగిలిందంతా నీళ్లు తాగి రాళ్లయింది. వరద పొంగి పొంగి చివరికి సోఫాను తూములోంచి పైకి లేపి, తెచ్చి పీరాంబీ గడప ముందు దించి పోయింది.

పెళ్లివాళ్లు వచ్చి చూసి, ఏమీ అనకుండా వేరే చోటికి వెళ్లారు. వాళ్లు తిట్టినా బాగుండేదని పీరాంబీ ఆ రోజంతా కుమిలిపోయింది.

ఇరవై ఒకటో రోజు హేమచంద్ర ఠంచనుగా వచ్చారు. ఖాళీ తూముకు 'తర్వాత' ఫోటో తీశారు. యాప్ అభినందనలు తెలిపింది. చింతల వాగు పునరుజ్జీవనం మొదటి దశ గడువులోగా, ఖర్చు లేకుండా పూర్తయింది. గోడ రెండో దశలో ఉందట. ఎండకు అలసిన ఆయన గడప ముందున్న సోఫా మీద కూర్చుని మంచినీళ్లడిగారు. పీరాంబీ తెచ్చిచ్చింది.

"సార్, నా దూదంత పోయింది. నష్టపరిహారం గిట్ల ఏమన్న ఇస్తరా?"

"తప్పకుండానమ్మా. దానికీ యాప్ ఉంది." ఆయన ఉత్సాహంగా ఫోన్ తీశారు. "తడవక ముందు దూది ఎలా ఉందో, ఆ ముందు ఫోటో ఉందా?"

పీరాంబీ ఆయన వైపు చూసింది. గదిలో నల్లబడి, ముక్కిపోయిన దూది కుప్ప వైపు చూసింది. మంట అరికాలి నుంచి నెత్తికెక్కింది.

హేమచంద్రకు జాలేసింది. సోఫా మీదే కాస్త ముందుకు జరిగి, సొంత అన్నలా గొంతు తగ్గించి చెప్పారు.

"బాధపడకండమ్మా, దారుంది. ఎంత పోయిందో అంత పొడి దూది తెచ్చి, మళ్లీ గదిలో పేర్చండి. వచ్చి 'ముందు' ఫోటో తీసుకుంటాను. వానలు ఇంకా రెండు నెలలున్నాయి కదా."