తోసేవారికి దీర్ఘాయుష్షు

మీ వీధిలో చక్రాల కుర్చీలో తిరిగే మనిషి ఒక్కరైనా ఉన్నారా? లేరా? అయ్యయ్యో! మీ గుండెల గతి తలుచుకుంటేనే నాకు బెంగగా ఉంది. మా వీధికి ఆ లోటు లేదు. మాకు మా పెయింటర్ ఉన్నాడు.

నాలుగేళ్ల కిందట ఏదో షాపు బోర్డు రాస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. వెన్నుపూస దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. చేతులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. ఇప్పుడు ఇంటి ముందు గదిలోనే కూర్చుని బళ్లకు నంబరు ప్లేట్లు రాస్తున్నాడు. ఈమధ్య రక్తపరీక్ష చేయిస్తే షుగరూ ఎక్కువే, కొలెస్ట్రాలూ ఎక్కువే. డాక్టరమ్మ మొహం మీదే చెప్పేసింది.

"మీరు కాళ్ల గురించి బాధపడుతున్నారు. నా భయమంతా మీ గుండె గురించి. మీలాంటివాళ్లకి గుండెజబ్బు తొందరగా వస్తుందండీ. కుర్చీ మీరే తోసుకోండి. ఆయాసం రావాలి, చెమట పట్టాలి. ఇరవై నిమిషాలు, వారానికి మూడు రోజులు."

పెయింటర్‌కు ఆరేళ్ల కూతురుంది. ఆ రాత్రి దాని మొహం చూస్తూ నిజంగానే భయపడ్డాడు. పొద్దున్నే కుర్చీ వేసుకుని బయల్దేరాడు.

గేటు దాటాడో లేదో, వెనకనుంచి టైలరు వచ్చి హ్యాండిల్స్ పట్టేసుకున్నాడు. "ఎందుకన్నా నీకీ శ్రమ? నేను లేనూ!" అని మందుల షాపు దాకా తోశాడు. అక్కడ లెక్కల మాస్టారు అందుకున్నారు. మాస్టారు అలిసిపోతే నేనందుకున్నాను. అరగంటలో పెయింటర్ వీధంతా చుట్టి ఇంటికొచ్చాడు. పాపం, చక్రానికి చెయ్యి తగిలితే ఒట్టు!

ఫలితాలు చూడండి మరి! నెల తిరక్కుండా మాస్టారి బీపీ దిగింది. టైలరు తన ప్యాంట్లన్నీ రెండేసి అంగుళాలు బిగించుకున్నాడు. మెట్లెక్కితే నాకొచ్చే ఆయాసం మాయమైంది. ఒక్క మనిషి నడుము విరిగితే ఇన్ని గుండెలు బాగుపడ్డాయి! ఇంతకన్నా ప్రజాసేవ ఏముంటుంది?

ఈ ప్రజాసేవ పెయింటర్‌కే రుచించలేదు. వద్దంటే మొహమాటం అనుకున్నాం. గట్టిగా వద్దంటే, పాపం బాధలో ఉన్నాడులే అనుకున్నాం. ఇక లాభం లేదని తన విద్యనే నమ్ముకున్నాడు. కుర్చీ వెనకాల ఎర్రరంగుతో 'దయచేసి తోయకండి' అని రాసిపెట్టుకున్నాడు. నేను తోస్తూనే చదివాను. ఏం అక్షరాలండీ! ఆ పొందిక, ఆ నీడ! వీధి చివరిదాకా మెచ్చుకుంటూనే తోశాను.

దాంతో అతనికి చిర్రెత్తుకొచ్చింది. వెల్డింగ్ షాపువాణ్ణి ఇంటికే పిలిపించి హ్యాండిల్స్ రెండూ కోయించేశాడు! వీధి నివ్వెరపోయింది. ఎంత పొగరు అన్నాడు టైలరు. ఇక పెయింటర్ భార్యయితే అతన్ని దులిపేసింది. "రేపు అవసరమొస్తే ఏం పట్టుకుని తొయ్యను? నీ చెవులా?"

మొన్న ఆదివారం ఎవరి కంటా పడకుండా స్కూలు మైదానం చేరాడు. ఒక రౌండు తిరిగాడు. రెండో రౌండుకి భుజాలు మండిపోయాయి. మూడో రౌండుకి చొక్కా తడిసి వీపుకి అతుక్కుంది. ఊపిరి ఎగదన్నుతున్నా ఆపలేదు. నాలుగేళ్లలో మొదటిసారి తన ఒంటిని తనే నడుపుకుంటున్నాడు. ఆ సంతోషం పట్టలేక కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి.

సరిగ్గా అప్పుడే గోడ మీంచి నేను చూశాను. చెమట! ఆయాసం! కన్నీళ్లు! ఇంకేముంది, గుండెపోటే! ఒక్క కేక పెట్టాను, వీధంతా పరిగెత్తుకొచ్చింది. టైలరు మొహాన నీళ్లు కొట్టాడు. మాస్టారు అరికాళ్లు తెగ రుద్దారు, ఆ కాళ్లకు స్పర్శ లేదన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది? నలుగురం ఎత్తి ఆటోలో వేసుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాం.

ఆవిడ నాడి చూసి నవ్వేసింది. "బ్రహ్మాండంగా ఉంది! ఇన్నాళ్లకి గుండెకి పని చెప్పారు. ఎంతసేపు చేశారు?"

"పదకొండు నిమిషాలు."

"మరి ఆపేశారేం?"

పెయింటర్ మా అందరినీ ఒకసారి చూసి, నా వైపు తిరిగాడు. "మీరంతా మంచోళ్లే బాబాయ్. కాదన్ను. ఆ మంచితనమే నా ప్రాణం మీదికొచ్చింది. నా కూతురు పెద్దదయ్యేదాకా నేనుండాలి. నన్ను కాస్త వదిలెయ్యండి."

నాకైతే సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఇవాళ పొద్దున మైదానంలో ఇరవై నిమిషాలూ పూర్తి చేశాడు. నేను గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఒకచోట చక్రం గుంతలో దిగబడింది. రెండడుగులు ముందుకేశాను. అతను చూసిన చూపుకి మళ్లీ రెండడుగులు వెనక్కేశాను. పాఠక మహాశయులారా, ఒట్టేసి చెబుతున్నా, పుట్టి బుద్ధెరిగాక నేనింత కష్టమైన వ్యాయామం చేసి ఎరగను!