వెన్న డబ్బాలో వేలి గాడి

ఆ ఉదయం అకోల్గో వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం దాకా నోరు తెరవకూడదు, అంతే.

కారణం అతని పెదవులు. నెల రోజులుగా హర్మటాన్ గాలి ఎడారి దుమ్మంతా మోసుకొచ్చి ఊరి మీద కుమ్మరిస్తోంది. ఆ గాలికి బొల్గా పట్నం చుట్టుపక్కల పగలని పెదవి ఉండదు. అందరూ షియా గింజల వెన్న రాసుకుంటారు, గాలికాలం గట్టెక్కుతారు. అకోల్గో పెదవులు మాత్రం నెర్రెలు విచ్చిన చెరువు మట్టిలా ఉన్నాయి. ఇవాళేమో అతని భార్య అయింపోకాకు కడపటి కర్మ. వానాకాలంలో పోయిన మనిషి ఆమె. పంటలు ఇంటికొచ్చేదాకా ఆగి ఇప్పుడు చేస్తున్నారు. పొద్దు నడినెత్తిన ఉండగా ఆమె వాడుకున్న సొరబుర్ర గిన్నెను పగలగొట్టాలి. దానికి ముందు భర్త పిల్లనగ్రోవి మీద ఆమె పేరు పలికించాలి. అది వినపడకపోతే పోయిన మనిషి దారి తెలియక గుమ్మంలోనే తచ్చాడుతూ ఉంటుంది. 'ఎండిన ఏరు దారి మరవదు' అనేది గ్రోవి మీద పలికే ఆమె పేరు. ఆ వరస కట్టింది అకోల్గోనే. ఇంకెవరికీ రాదు. నోరు తెరిచి పెదవులు చిట్లితే ఊదలేడు.

ఇంట్లో వెన్నకు కరువేమీ లేదు. కానీ ముప్పై ఏళ్ళుగా ప్రతి గాలికాలంలోనూ అయింపోకాయే తను తీసిన వెన్నను చిన్న రేకు డబ్బాలో పెట్టుకుని, పొద్దున్నే తన వేలితో అతని పెదవులకు రాసేది. "పెదవులు నాకకు. నాకేకొద్దీ ఎండుతాయి. పసిపిల్లాడివా?" అని తిట్టేది. "నాకలేదు" అని అతను నాకుతూనే చెప్పేవాడు. ఆమె పోయాక ఆ డబ్బా తెరిస్తే, వెన్న మీద ఆమె వేలు లాగిన గాడి అలాగే ఉంది. రాసుకుంటే అది చెరిగిపోతుంది. పోనీ ఇంకొకరి వెన్న రాసుకుందామంటే మనసొప్పలేదు. డబ్బాను ఆమె పాత చారల బట్ట చెంగున ముడివేసి పెట్టెలో దాచాడు. రోజూ తీసి చూసుకునేవాడు. చూసి, కళ్ళు తుడుచుకుని, పెదవులు నాకి, మళ్ళీ ముడి వేసేవాడు.

కాబట్టి ఆ రోజు మూతికి గుడ్డ కట్టుకుని, పిల్లనగ్రోవి ఒళ్ళో పెట్టుకుని, గోడవారన కూర్చున్నాడు. తన పథకం ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే నోరు తెరవాలి కదా.

ముందుగా వచ్చినవాడు అయింపోకాకు అన్నయ్య అయిన అన్యాగ్రె, పుట్టింటివాళ్ళు ఆరుగురిని వెంటబెట్టుకుని.

"బావా, ఇల్లెలా ఉంది?" అన్నాడు.

అకోల్గో తల ఊపాడు.

"పిల్లలు ఎలా ఉన్నారు?"

మళ్ళీ తల ఊపాడు.

"దుఃఖం ఎలా ఉంది?"

ఈసారి తల కూడా ఊపలేకపోయాడు. దుఃఖం ఎలా ఉందో చెప్పడానికి తల చాలదు.

అన్యాగ్రె ముఖం మాడింది. పలకరింపుకు బదులు పలకనివాడు ఆ ఊళ్ళో తలుపు వేసుకున్నవాడితో సమానం. "మా చెల్లెలితోనే మాటలూ పోయాయన్నమాట" అని, వచ్చినవాళ్ళకిచ్చే పిండినీళ్ళు ముట్టకుండా, తనవాళ్ళను తీసుకుని బయట షియా చెట్టు కింద కూర్చున్నాడు.

ఇంటి పెద్ద అటంగా పరుగున వచ్చాడు. పుట్టింటివాళ్ళు అలిగితే కర్మ సాగదు. వెంటనే ఒక తెల్ల గినీకోడిని పట్టించి, స్వయంగా వాళ్ళ ముందు పెట్టాడు. "తప్పయిపోయింది, మన్నించండి."

"ఏం తప్పు చేశారో చెబితే కదా మన్నించేది?" అన్నాడు అన్యాగ్రె.

అటంగాకూ తెలియదు. తెలియదంటే బాగుండదని, "చాలా పెద్దదే" అన్నాడు. దాంతో పుట్టింటివాళ్ళకు అనుమానం గట్టిపడింది.

సరిగ్గా అప్పుడు దిగాడు డేరి. డగాబా జాతి మనిషి. అకోల్గో జాతి ఫ్రాఫ్రాలకూ డగాబాలకూ తాతలనాటి నుంచి వేళాకోళం వరస. చావింట్లో కూడా వాళ్ళు ఎగతాళి చేయాల్సిందే, వీళ్ళు పడాల్సిందే, దుఃఖం మనిషిని మింగకుండా ఉండేందుకు. డేరి అకోల్గోను చూసి, అందరికీ వినిపించేలా అందుకున్నాడు.

"మూతికి గుడ్డ ఎందుకనుకుంటున్నారు? బావమరిది వాటా మాంసం నోట్లో ఉంది. ఇంకా మింగలేదు, పాపం. పళ్ళు లేవు కదా."

నలుగురు నవ్వారు. అన్యాగ్రె నవ్వలేదు. "మా వాటా తెచ్చి చూపించండి" అన్నాడు.

పుట్టింటివాళ్ళకు మేక వెనక కాలు ఇవ్వాలి. అటంగా లోపలికి వెళ్ళి చూస్తే కోసిన మేక ఉంది, కాలు లేదు.

కాలు డేరి సంచిలో ఉంది, వస్తూ వస్తూనే వంట దగ్గర ఎత్తేశాడు. వేళాకోళం వరసవాడు కర్మ ఇంట్లో ఏదో ఒకటి కాజేసి, కర్మ చేసే మనిషి బతిమాలుకుని ఒక కుండ పిటో, అంటే జొన్నకల్లు, పోయించేదాకా దాచి ఉంచాలి. అది వాడి హక్కు. ఆ మనిషి నోటితో అడగకుండా తిరిగి ఇస్తే వాడికి పరువు తక్కువ. అందుకని డేరి అకోల్గో ఎదుట చతికిలబడి, కళ్ళెగరేస్తూ, "అడగవయ్యా ముసలోడా, అడుగు" అని గుసగుసలాడాడు. అకోల్గో చెయ్యి ఊపాడు. "చేతులతో కాదు" అన్నాడు డేరి. అడగనిదే ఇవ్వలేక వాడూ ఇరుకున పడ్డాడు.

పొద్దు నెత్తికెక్కింది. అన్యాగ్రె లేచాడు. "మా చెల్లెలి సొరబుర్ర ఇచ్చేయండి. పగలగొట్టకుండానే తీసుకుపోతాం. పలకరింపుకు నోచుకోని ఇంట్లో దాన్ని వదలం" అని బుర్రను చేతికి తీసుకున్నాడు.

బుర్ర వెళ్ళిపోతే పేరు పలికించేది ఎవరికి? ఆమె ఎక్కడని తిరుగుతుంది? పథకం గంగలో కలిసింది. అకోల్గో గుడ్డ లాగేసి, "బావా, ఆగు" అని గట్టిగా అరిచాడు.

రెండు మాటలకే పెదవులు నాలుగు చోట్ల చిట్లాయి. గడ్డం మీదికి నెత్తురు కారింది. ఆ నొప్పికి మూడో మాట రాలేదు.

"నెత్తురు" అన్నారు పుట్టింటివాళ్ళలో ఒకరు. "పచ్చిదే తిన్నాడు."

తన వేళాకోళం నిజమై కూర్చోవడం డేరి జన్మలో మొదటిసారి.

ఈ గొడవేదీ తెలియని మనిషి ఇంట్లో ఒకతే ఉంది, పెద్దకోడలు లామిసి. కర్మ రోజున పోయిన అత్తగారి వేషం కట్టడం కోడలి పని. ఆమె బట్ట కట్టి, ఆమె నడక నడిచి, ఆమె తిట్లు తిట్టాలి. పెట్టెలోని చారల బట్ట తీసి కట్టుకుని, ఎడమ కాలు కాస్త ఈడ్చుకుంటూ, చేత్తో నడుము పట్టుకుని, గొణుక్కుంటూ లామిసి వాకిట్లోకి వచ్చింది. ఎదురుగా మామగారి మూతి కనిపించింది. ఆగిపోయింది. వేషంలో ఉన్న కోడలు కోడలిలా మాట్లాడకూడదు.

"మళ్ళీ నాకావా?" అంది.

ఆ గొంతుకు వాకిట్లో అందరూ ఇటు తిరిగారు. అన్యాగ్రె బుర్రను గుండెలకు అదుముకున్నాడు.

"ముప్పై ఏళ్ళు చెప్పాను, నాకకు, నాకేకొద్దీ ఎండుతాయని. గాలి రాకముందే రాసుకోవాలని చెప్పాను. నీళ్ళు తాగమన్నాను. నేను పోయానని పెదవులు కూడా పోగొట్టుకుంటావా? ఇటు తిరుగు." చెంగుముడి విప్పి, అందులో దొరికిన డబ్బా మూత తీసి, వేలు నిండా వెన్న లాగి అతని పెదవులకు రాసింది.

అకోల్గో ఆ వేలిని ఆపాలనుకున్నాడు. చెయ్యి లేవలేదు. కళ్ళు మూసుకుని, "నాకలేదు" అన్నాడు.

అన్యాగ్రె నవ్వబోయి భోరుమన్నాడు. "దీనికా బావా నోరు కట్టుకున్నావు? పేరు ఊదడం కోసమా? ఆ ముక్క ఎవరితోనైనా చెప్పొచ్చు కదా" అని వచ్చి అతని పక్కనే నేల మీద కూలబడ్డాడు. డేరి ఎవరూ అడగకుండానే సంచిలోంచి మేక కాలు తీసి మధ్యలో పెట్టాడు. వాడి వంశంలో అంతకుముందు అలాంటి పరువు తక్కువ పని ఎవరూ చేయలేదట.

అకోల్గో పిల్లనగ్రోవి అందుకున్నాడు. 'ఎండిన ఏరు' దాకా సరిగానే పలికింది. 'దారి' దగ్గర పెదవి జారి వట్టి గాలే వచ్చింది. మళ్ళీ ఊదాడు. మూడోసారి పేరు పూర్తిగా పలికింది. అన్యాగ్రె బుర్రను నేలకేసి కొట్టాడు. అది ముక్కలయ్యేటప్పుడు అకోల్గో ఒక్కసారి గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. అలా లేకపోవాలనే అతను ఊదింది. అయినా ఏడుపు ఆగలేదు.

సాయంత్రం లామిసి తన మామూలు బట్టలో వచ్చి డబ్బా అతని ముందు పెట్టింది. "మామయ్యా, ఇది మీరు దాచుకున్నదని ఇందాకే తెలిసింది. అత్తమ్మ గుర్తు చెరిపేశాను."

మూత తీసి చూశాడు. పాత గాడి లేదు. దాని మీదుగా లామిసి వేలి గాడి ఉంది.

"దాచమని ఆమె చెప్పలేదమ్మా. రాసుకోమనే చెప్పింది" అన్నాడు.

మర్నాటి నుంచి రోజూ రాసుకున్నాడు, మునుపటిలాగే ముందు ఒకసారి నాకి.