వెయ్యో దినం దీపం

ఆ రోజుకు గాళెప్ప అనుకున్న పనులు మూడే. తెల్లవారుజామున ఐదింటికి దేవుడి గదిలో కూర్చుని దీపం వెలిగించాలి. పదకొండింటికి భార్య మహాదేవిని బళ్ళారి ఆసుపత్రికి తీసుకుపోయి స్కానింగు రిపోర్టు చూపించాలి. రెండింటికి సండూరు రోడ్డులోని కాటా దగ్గర డ్యూటీకి దిగి ఖనిజం లారీలు తూచాలి. రెండో పని గురించి ఆలోచించకుండా ఉండటానికే మొదటి పనిని అంత గట్టిగా పట్టుకున్నాడు.

దీపమంటే నిజం దీపం కాదు, ఫోనులో ఆడే ఆటలో దీపం. దేశదేశాల జనం కలిసి ఆడే ఆ ఆటలో ఒక పాడుబడ్డ కోట ఉంది. కోట బురుజు మీద ఒక రాతి ప్రమిద ఉంది. ఐదింటికీ ఐదూ నలభైకీ మధ్య, దారికి అడ్డంపడే దయ్యాలను కొట్టుకుంటూ పైకెక్కి ఆ ప్రమిద వెలిగించాలి. అలా వెయ్యి రోజులు తప్పకుండా వెలిగించినవాడికి దీపధారి అన్న బిరుదు, ఒక తెల్లగుర్రం ఇస్తారు. ఒక్క రోజు తప్పినా లెక్క మళ్ళీ సున్నాకి వస్తుంది. గాళెప్ప నిన్నటికి తొమ్మిది వందల తొంభై తొమ్మిది వెలిగించాడు. యాభై ఏళ్ళు దగ్గరపడుతున్న మనిషి, వారం రోజులుగా ఆ గుర్రం కలలోకి వస్తోందంటే ఎవరితో చెప్పుకుంటాడు?

ఇంట్లో మాత్రం దాని పేరు మొక్కు.

ఆ తప్పు గాళెప్ప చేసింది కాదు, కాకపోతే దిద్దనూ లేదు. మహాదేవి కడుపులో క్యాన్సరు గడ్డ తీసిన రాత్రి గడిచి తెల్లవారుతుండగా వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాడు. చేతులకేదో పని కావాలని, ఒక లారీ డ్రైవరు ఎప్పుడో ఫోనులో వేసిచ్చిన ఆటను తెరిచాడు. రెండు చేతుల్లో ఫోను పట్టుకుని, తల వంచి, అందులోని ఇంగ్లీషు అక్షరాలను పెదాలతో కూడబలుక్కుంటున్నాడు. సరిగ్గా అప్పుడే అత్త పక్కీరమ్మ వచ్చింది.

"ఏమప్పా అల్లుడా, ఏం మొక్కుకుంటాండావు?"

గాళెప్ప ఉలిక్కిపడి, తెర మీదున్నదే చదివేశాడు. "వెయ్యి దినాలు."

అదే నిమిషంలో లోపల మహాదేవి కళ్ళు తెరిచింది. ఇంక పక్కీరమ్మను ఆపేదెవరు? సాయంత్రానికి వార్డంతా తెలిసింది, వారానికి వాళ్ళ ఊరు కప్పగల్లంతా తెలిసింది. ఏ దేవుడికి మొక్కాడో మాత్రం ఎవరూ అడగలేదు. మొక్కు బయటపెడితే ఫలం పోతుందని ఆ ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం.

గాళెప్ప నిజం చెప్పబోయాడు కూడా. మందుల దెబ్బకు జుట్టంతా ఊడిపోయిన రోజుల్లో ఒకసారి మంచం పక్కన కూర్చుని గొంతు సవరించుకున్నాడు. మహాదేవి తలగుడ్డ సర్దుకుంటూ, "నీ మొక్కు నడస్తాండంగ నన్నెవురేం చేస్తారప్పా? దేవుడు లెక్క తప్పుతాడా?" అంది. సవరించుకున్న గొంతుతో గాళెప్ప నీళ్ళడిగి తాగాడు. ఆ రోజు నుంచి అతని అబద్ధం కూడా ఆమె మందుల్లో ఒకటైపోయింది.

ఆమె రోజూ నాలుగున్నరకే లేచి దేవుడి గది తుడిచి పీట వేసేది. ఇంట్లో సిగ్నలు బాగా వచ్చేది కూడా ఆ గదిలోనే. ఆ నలభై నిమిషాలూ అతను మాట్లాడడు, ఆమె మాట్లాడించదు. దేవుడు ఫోనులో ఎందుకున్నాడని అడిగినవాళ్ళకు, "మంత్రం అండ్ల ఉండాది" అని ఆమే జవాబు చెప్పేది. జ్వరంలో వెలిగించాడు. బామ్మర్ది పెళ్ళిలో కల్యాణమంటపం మెట్ల కింద నక్కి వెలిగించాడు. నెట్టు పోయిన రోజున నీళ్ళ ట్యాంకు ఎక్కి వెలిగించాడు. వీధిలో జనం కింద నిలబడి దండం పెట్టారు.

ఇంక ఒక్క రోజుంది. అలారం మోగకముందే గాళెప్పకు మెలకువ వచ్చింది. బయట గిన్నెల చప్పుడు వినిపించింది. తలుపు తీస్తే వాకిట్లో షామియానా, అరటి పిలకలు, మామిడాకులు కనిపించాయి. యాభైమందికి తక్కువ లేరు. మధ్యలో పట్టుచీర కట్టుకుని మహాదేవి నవ్వుతోంది. ఆ చీర ఆపరేషను తరవాత ఆమె కట్టడం అదే మొదలు.

"ఏంది ఇది?"

"ఉద్యాపన! వెయ్యి దినాల మొక్కు ముగిసేది ఊరికేనా? నీకు చెప్తే వద్దంటావని చెప్పలేదు. రా, బేగ స్నానం చేసి రా."

పురోహితుడు శివరామకృష్ణయ్య పీటల దగ్గర అప్పుడే కలశం సర్దుతున్నాడు. గాళెప్ప తడి తలతో వచ్చి కూర్చునేసరికి నాలుగున్నర. పక్కీరమ్మ ముందుకొచ్చింది.

"స్వామీ, ఇన్ని దినాలు అడగలేదు. ఈ పొద్దన్నా ఆ దేవుణ్ణి మాకు చూపియ్యమని చెప్పండి."

"తప్పు తల్లీ, మొక్కు దేవుణ్ణి చూపించమనరాదు. అయితే, దేవుడు వెయ్యి దినాలు కూర్చున్న పీఠానికి పూజ జరగాల. ఆ ఫోను ఈ తట్టలో పెట్టు నాయనా" అన్నాడు శివరామకృష్ణయ్య.

ఐదింటికి ఇంకా అరగంట ఉంది కదా, పసుపూ కుంకుమే కదా అనుకుని గాళెప్ప ఫోను ఇచ్చేశాడు. ఆ పెద్దమనిషికి సంకల్పం చెప్పడానికే పదిహేను నిమిషాలు పడుతుందని అతనికి తెలియదు. గోత్రాలయ్యాయి, గణపతి పూజ అయింది, ఐదైంది. ఫోను తట్టలో బియ్యం మీద ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలోనే. ఐదూ పది అయింది. శివరామకృష్ణయ్య పాలచెంబు అందుకుని, "ఇప్పుడు పంచామృతాభిషేకం" అన్నాడు.

"వద్ద..." అన్నాడు గాళెప్ప.

ఆ మాట పూర్తి కాకుండానే మహాదేవి అరచెయ్యి అతని నోటి మీద పడింది. ఆమె కళ్ళలో నిజమైన భయం కనిపించింది. "మాట్లాడొద్దప్పా! మౌనం పొద్దు ఇది. తొమ్మిది వందల తొంభై తొమ్మిది దినాలు గమ్మునుండి ఈ పొద్దు చెడగొట్టుకుంటావా? పదకొండింటికి రిపోర్టుండాది."

గాళెప్ప నోరు మూసుకున్నాడు. ఆమె చేతి వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ వేళ్ళను పక్కకు తొయ్యడానికి అతనికి మనసు రాలేదు. నోరు పోయినా చేతులున్నాయి కదా, రెండు చేతులూ పైకెత్తి వద్దు వద్దని ఊపాడు.

"అల్లుడు ఇంగా పొయ్యమంటాండాడు స్వామీ!" అంది పక్కీరమ్మ.

పాలు పోశారు, పెరుగు పోశారు, నెయ్యి, తేనె, చక్కెర పోశారు. పోతూ పోతూ ఫోను సన్నగా ఒక శబ్దం చేసింది. "ఓంకారం!" అని ముందు వరసలో ఒకావిడ చెంపలు వేసుకుంది. గాళెప్ప కళ్ళ వెంట నీళ్ళు కారాయి. భక్తంటే ఇలా ఉండాలని వెనక వరసవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడే వాకిట్లో మోటారుసైకిలు ఆగింది. హచ్చొళ్ళి దగ్గర వరి పండించుకునే తిరుమలేష్ చేతిలో అట్టపెట్టెతో లోపలికొచ్చాడు. ఆటలో గాళెప్ప జట్టువాడు. ఇద్దరూ రెండేళ్ళుగా కలిసి దయ్యాలను కొట్టారు కాని, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఇదే. అతన్ని పిలిచింది మహాదేవి. గాళెప్ప ఫోనులో "తిరుమలేష్ దీపం" అన్న పేరు చూసి, వారం కిందట ఆమే మాట్లాడింది. "నువ్వూ మా ఆయన మాదిరే పొద్దున్నే దీపం పెడతాండావా నాయనా?" అని అడిగింది. "అవునక్కా, నాలుగొందల పన్నెండు రోజులైంది" అని అతను ఉన్నదే చెప్పాడు. ఇంకో భక్తుడు దొరికాడని ఆమె ఉద్యాపనకు రమ్మంది. భార్య ఆటను ఒప్పుకోవడమే కాక పండగ కూడా చేస్తోందని అతను మురిసిపోయాడు.

ఆ మురిపెంలోనే పెట్టె తెరిచాడు. లోపల కేకు, దాని మీద తెల్లటి గుర్రం. ముందు రెండు కాళ్ళూ పైకెత్తి ఉంది.

పక్కీరమ్మ వెర్రికేక పెట్టింది. "తెల్లగుర్రం! మైలారలింగప్ప వాహనం! మన ఇంటి దేవుడేనమ్మా!"

"ఏళుకోటి ఏళుకోటిగో!" అని మైలారలింగప్ప జయకారంతో షామియానా దద్దరిల్లింది. కేకును కలశం పక్కన పెట్టారు. ఇద్దరు ముసలమ్మలు తిరుమలేష్ కాళ్ళ మీద పడ్డారు. అతను వాళ్ళను లేపుతూ లేపుతూ తట్టలోకి చూశాడు, పెరుగులో ఏదో నల్లగా తేలుతోంది. గాళెప్ప మొహం చూశాడు. టైము చూశాడు, ఐదూ ఇరవై నాలుగు. అతనికి సంగతి అర్థమైంది.

"స్వామీ, దీపం పెట్టేవాళ్ళం ఇద్దరం రవ్వంతసేపు ఒంటరిగా కూర్చోవాల" అన్నాడు. శివరామకృష్ణయ్య, "సంప్రదాయం ఏదైతే అదే కానియ్యండి" అని తలూపాడు. తట్టతో సహా ఇద్దరూ దేవుడి గదిలో దూరి గడియ పెట్టుకున్నారు.

"నా దాంట్లోంచి పో అన్నా" అంటూ తిరుమలేష్ తన ఫోనులో తన ఆట మూసి గాళెప్ప పేరు కొట్టాడు. గాళెప్ప పసుపు వేళ్ళతో పాస్‌వర్డు కొట్టాడు. కొత్త ఫోను కాబట్టి ఓటీపీ కావాలంది ఆట. ఓటీపీ వచ్చేది పెరుగులో ఉన్న సిమ్ముకు. సిమ్ము తియ్యాలంటే సూది కావాలి. గాళెప్ప తలుపు సందులోంచి చెయ్యి బయటపెట్టి, మౌనంగా, సూదిగా ఉండేదేదో కావాలని సైగ చేశాడు. త్రిశూలం తెచ్చిచ్చారు. మళ్ళీ సైగ చేస్తే మహాదేవి అర్థం చేసుకుని గాజుల్లోంచి పిన్నీసు తీసిచ్చింది. సిమ్మును పంచెకు తుడిచి తిరుమలేష్ ఫోనులో వేశారు. ఐదూ ముప్పై ఏడు. ఫోను ఆరిపోయి వెలిగింది. సిగ్నలు ఒక గీత వచ్చింది. రెండు గీతలు వచ్చాయి.

ఓటీపీ ఐదూ నలభై ఒకటికి వచ్చింది.

ఆట తెరుచుకుంది. బురుజు చీకటిగా ఉంది. కింద, మీ దీపం ఆరిపోయింది, సున్నా రోజులు, అని ఇంగ్లీషులో ఉంది. ఈ హడావుడిలో తన దీపం సంగతి మరిచానని తిరుమలేష్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఆ నాలుగొందల చిల్లర రోజులు కూడా పోయాయి. మగవాళ్ళిద్దరూ గడియ పెట్టుకున్న గదిలో కూర్చుని ఏడ్చారు. బయట మంగళవాద్యాలు మొదలయ్యాయి.

భోజనాలు ముగిసేసరికి పది దాటింది. కేకును మైలారలింగప్ప ప్రసాదమని ముక్కలు చేసి పంచారు. గుర్రం తలకాయ ఉన్న ముక్క గాళెప్పకు పెట్టారు. తిన్నాడు, ఏం చేస్తాడు?

పదకొండింటికి ఆసుపత్రిలో డాక్టరమ్మ రిపోర్టు రెండుసార్లు చదివింది. అంతసేపు చదివితేనే గాళెప్పకు తెలిసిపోయింది. "మళ్ళీ వచ్చింది. ఈసారి కాలేయం దగ్గర. చిన్నదే. మందు మొదలుపెడదాం" అందామె. ఆ తరవాత చాలా చెప్పింది. గాళెప్ప చెవుల్లో మాత్రం సున్నా రోజులు, సున్నా రోజులు అని మోగుతూనే ఉంది. దీపం ఆరడానికీ దీనికీ సంబంధం లేదని అతనికి తెలుసు. స్కానింగు తీసింది నాలుగు రోజుల కిందట. వేళ్ళు మడిచి ఆ నాలుగు రోజులూ లెక్కపెట్టుకున్నాడు, అయినా గుండె వినలేదు.

నడవలో బెంచీ మీద కూర్చున్నారు. వెయ్యి రోజుల కిందటి బెంచీ అదే. ఇంక దాచి చేసేదేముందని గాళెప్ప గొంతు సవరించుకున్నాడు.

"మహాదేవీ, నీకొకటి చెప్పాల. ఆ మొక్కు..."

"నాకు తెలుసు" అంది మహాదేవి.

గాళెప్ప బిగుసుకుపోయాడు.

"తప్పు నీదే. వెయ్యి దినాలని మొక్కుకుంటివి, దేవుడు వెయ్యి దినాలిచ్చినాడు. ఆయప్ప లెక్క తప్పలేదు. నువ్వే తక్కువ అడిగితివి." పట్టుచీర కొంగుతో అతని మీసానికి అంటుకున్న కేకు తుడిచింది. "ఈతూరి రెండువేలు అడుగు."

గాళెప్ప తలూపాడు. ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. రెండింటి డ్యూటీకి పోలేదు.

మరునాడు ఐదింటికి దేవుడి గదిలో పీట వేసి ఉంది. మహాదేవి తన ఫోను తెచ్చి అతని చేతిలో పెట్టింది. "నీ ఫోను ఎట్లాగూ చచ్చిపాయె. దేవుణ్ణి దీంట్లో కూర్చోబెట్టుకో. నేను తెరిచి చూడనులే" అని తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.

తన సిమ్ము అందులో వేసి ఆట తెరిస్తే, బురుజు కింద తిరుమలేష్ అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. గాళెప్ప అతనికి రాశాడు: రెండువేల దినాలది ఏదన్నా ఉండాదా?

ఉందన్నా, అని జవాబొచ్చింది. మూడువేలది కూడా ఉంది. దానికి గుర్రం రాదు, బిరుదూ రాదు. ఇంతవరకు ఎవరూ పూర్తిచెయ్యలేదు.

గాళెప్ప మూడువేలది ఎంచుకున్నాడు. దయ్యాలను కొట్టుకుంటూ ఎక్కి ప్రమిద వెలిగించాడు. ఇంకా రెండువేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది మిగిలినట్టు తెర చూపించింది. నలభై నిమిషాలూ నిండేదాకా పీట మీద నుంచి లేవలేదు. ఆట మూసి, కళ్ళు మూసుకుని, మొదటిసారి నిజంగానే ఏదో అడిగాడు. ఎవరిని అడిగాడో బయటపెట్టలేదు.

బయటికొచ్చి, "మూడువేలు అడిగినా" అన్నాడు. మహాదేవి టీ అందించింది. "నిన్న జనం ఎక్కువైరి. ఈతూరి ఉద్యాపనకు ఎవురినీ పిలవొద్దు, మా అమ్మను తప్ప" అంది.

ఎనిమిదేళ్ళ తరవాత జరగాల్సిన విందుకు ఆమె అప్పుడే పిలుపులు తగ్గించేసింది.